లైను చివర దాక్కున్న 13: విండోస్, లినక్స్, మ్యాక్‌ల మధ్య టెక్స్ట్ ఫైళ్లు చెడకుండా చూసుకోవడం

గుంటూరు వేరు, గుంటూరు వేరు అని కంప్యూటర్ నాతో వాదించిన రాత్రి ఒకటుంది. ఒక సంస్థ సమాచారాన్ని జిల్లాల వారీగా విడదీయడానికి చిన్న షెల్ స్క్రిప్టు రాశాను. జిల్లా పేర్ల జాబితాను అక్కడి ఉద్యోగి ఒకరు విండోస్ నోట్‌ప్యాడ్‌లో టైప్ చేసి పంపారు. లినక్స్ సర్వర్ మీద స్క్రిప్టు నడిపితే ఏ జిల్లాకూ ఒక్క వరుస కూడా దొరకలేదు. జాబితా అడుగున ఉన్న శ్రీకాకుళం మాత్రం చక్కగా సరిపోయింది. అక్షరదోషాలు వెతికాను, వత్తులు, దీర్ఘాలు సరిచూశాను. రెండు గంటలు గడిచాక గాని బైట్లు లెక్కపెట్టాలని తోచలేదు. అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతుల్లో (ఎన్‌కోడింగుల్లో) ఒకటైన యూటీఎఫ్-8లో గుంటూరుకు 7 సంకేతాలు, ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 21 ఉండాలి. నా స్క్రిప్టు చదివిన గుంటూరులో 22 ఉన్నాయి.

ఆ ఇరవై రెండో బైటు విలువ 13. దాన్ని ఎలా పట్టుకోవాలో, ఎలా తీసేయాలో, మళ్లీ రాకుండా ఎలా కట్టడి చేయాలో వరుసగా చెబుతాను. ముందుగా ఒక మాట: ఇక్కడ ఆదేశాలన్నీ తెలుగు లిపిలోనే రాశాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాలతో కొట్టాలి. ఎన్‌కోడింగుల పేర్లు పెద్ద అక్షరాల్లో, మిగతావి చిన్న అక్షరాల్లో.

ఈ 13 ఎక్కడిది

1963లో వచ్చిన టెలిటైప్ మోడల్ 33 యంత్రం సెకనుకు 10 అక్షరాలు కొట్టేది. లైను పూర్తయ్యాక అది రెండు పనులు చేయాలి. అచ్చుకొట్టే భాగాన్ని ఎడమ అంచుకు తేవడం మొదటిది; దీని పేరు క్యారేజ్ రిటర్న్, ఆస్కీ సంఖ్య 13, పొట్టిగా సీఆర్. కాగితాన్ని ఒక లైను పైకి జరపడం రెండోది. దీని పేరు లైన్ ఫీడ్, సంఖ్య 10, పొట్టిగా ఎల్‌ఎఫ్. తెలుగు టైపు మిషను మీద పనిచేసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది: ఎడమవైపు మీటను ఒక్క తోపు తోస్తే ఈ రెండూ జరిగిపోయేవి. టెలిటైపులో మాత్రం వాటికి వేర్వేరు సంకేతాలు పంపాలి. ఎడమ అంచుకు చేరడానికి ఒక అక్షరం కొట్టే సమయం సరిపోయేది కాదు. అందుకే ముందు సీఆర్, వెనకే ఎల్‌ఎఫ్ పంపేవారు. కాగితం జరిగేలోపు క్యారేజ్ గమ్యం చేరేది.

తరవాత తలా ఒక దారి పట్టారు. మల్టిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ రూపకర్తలు ఫైలులో ఎల్‌ఎఫ్ ఒక్కటే చాలనుకున్నారు. యంత్రానికి సీఆర్ కావాలంటే దాన్ని నడిపే డ్రైవరే చేర్చుకుంటుంది. యునిక్స్ ఆ పద్ధతినే తీసుకుంది, లినక్స్ దాని వారసత్వం. సీపీ/ఎం అనే మరో పాత ఆపరేటింగ్ సిస్టమ్ రెండింటినీ ఉంచింది. 1981 నాటి ఎంఎస్-డాస్ దాన్ని అనుసరించింది, విండోస్ ఇప్పటికీ అదే దారిలో ఉంది. ఆపిల్ పాత మ్యాక్‌లు, మ్యాక్ ఓఎస్ 9 వరకూ, సీఆర్ ఒక్కటే వాడేవి. 2001లో యునిక్స్ పునాదితో మ్యాక్ ఓఎస్ టెన్ వచ్చాక అక్కడా ఎల్‌ఎఫ్ స్థిరపడింది. ఇక మన నోట్‌ప్యాడ్, ఎల్‌ఎఫ్ ఒక్కటే ఉన్న ఫైలును సవ్యంగా చూపడం 2018లో గాని నేర్చుకోలేదు. అంతవరకూ లినక్స్ ఫైలు మొత్తం ఒకే పొడవాటి లైనుగా తెరుచుకునేది.

విండోస్‌ది తప్పు, యునిక్స్‌ది ఒప్పు అనే వాదన నాకు నచ్చదు. వెబ్ పేజీలు మోసే హెచ్‌టీటీపీ 1.1 శీర్షికలు, ఈమెయిలు మోసే ఎస్‌ఎంటీపీ నేటికీ సీఆర్, ఎల్‌ఎఫ్ జంటనే అడుగుతాయి. తగువు ఫైలు సరిహద్దు దాటినప్పుడే వస్తుంది. కాబట్టి నేను పాటించే పద్ధతి ఒకటే: నిల్వ ఉండేదంతా ఎల్‌ఎఫ్‌తో ఉండాలి, అవతలివారు జంట కోరినప్పుడు గుమ్మం దగ్గర మార్చి ఇవ్వాలి.

మొదటి మెట్టు: మార్చే ముందు చూడండి

ఈ మెట్టు దాటవేసినవారే ఎక్కువ నష్టపోతారు. తేలికైన పరీక్ష ఇది:

ఫైల్ జిల్లాలు.టీఎక్స్‌టీ

జవాబులో సీఆర్‌ఎల్‌ఎఫ్ అనే మాట కనిపిస్తే అది విండోస్ రకం. సీఆర్‌ఎల్‌ఎఫ్, ఎల్‌ఎఫ్ రెండూ కనిపిస్తే ఫైలు కలగాపులగం అన్నమాట. ఇద్దరు మనుషులు రెండు ఎడిటర్లలో దిద్దిన ఫైళ్లకు తరచూ ఈ గతి పడుతుంది. అదే జవాబులో ఎన్‌కోడింగ్ ఏమిటో కూడా చూసి పెట్టుకోండి, రెండో మెట్టులో అవసరం.

చాలామంది క్యాట్ -ఏ వాడమంటారు. ఇక్కడ ఏ అన్నది మాత్రం పెద్ద అక్షరం. ఇంగ్లీషు ఫైలుకు అది బాగుంటుంది. తెలుగు ఫైలుకు వాడితే ప్రతి అక్షరమూ మూడేసి పిచ్చి గుర్తులుగా విడిపోయి తెరంతా చెత్త నిండుతుంది. లైను చివర టోపీ గుర్తు (^), ఎం, డాలరు వరుసగా కనిపిస్తే అక్కడ సీఆర్ ఉన్నట్టే, కానీ కళ్లు నొప్పెడతాయి. దానికన్నా బైట్లను అంకెల్లో చూడటం నయం:

ఓడీ -ఏఎన్ -టీయూ1 జిల్లాలు.టీఎక్స్‌టీ

ఇందులోనూ ఏఎన్‌లోని ఏ పెద్ద అక్షరమే. గుంటూరు ఉన్న చోట 224 176 151తో గకారం మొదలవుతుంది, తరవాత 224 177 129 అంటే ఉకారపు కొమ్ము. అలా సాగి చివరి కొమ్ము 224 177 129 వెంటనే 10 వస్తే మంచిది, 13 10 వస్తే విండోస్ రకం. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరాల బైట్లన్నీ 128 గానీ అంతకు పైన గానీ ఉంటాయి కనుక, 10 గానీ 13 గానీ అక్షరం మధ్యలో దూరే అవకాశం లేదు. కనిపించిందంటే అది లైను ముగింపే.

ఎడిటర్ వాడేవారికి పని ఇంకా సులువు. వీఎస్ కోడ్‌లో కుడివైపు అడుగున ఎల్‌ఎఫ్ లేదా సీఆర్‌ఎల్‌ఎఫ్ అని రాసి ఉంటుంది. ఇప్పటి నోట్‌ప్యాడ్ కూడా అడుగు పట్టీలో చెబుతుంది. టెర్మినల్‌లో నడిచే విమ్ ఎడిటర్‌లో :సెట్ ఎఫ్‌ఎఫ్? అని అడిగితే డాస్ అనో యునిక్స్ అనో జవాబిస్తుంది. ఒక మెలిక గుర్తుంచుకోండి: కలగాపులగపు ఫైలును విమ్ యునిక్స్‌గానే భావిస్తుంది, సీఆర్ ఉన్న లైన్ల చివర టోపీ గుర్తు, ఎం చూపిస్తుంది.

ఈ పరీక్షలు చేయాలని అనుమానం ఎప్పుడు రావాలి? స్క్రిప్టు ఫైలు కళ్లెదుట ఉన్నా, నడిపితే అలాంటి ఫైలు లేదని లినక్స్ మొండికేసినప్పుడు. నిజానికి అది వెతుకుతున్నది మీ స్క్రిప్టును కాదు. మొదటి లైనులో రాసిన బ్యాష్ పేరు చివర సీఆర్ అంటుకుంది, ఆ తోకతో కలిపిన పేరున్న ప్రోగ్రాము ఎక్కడా లేదు. అలాగే సెట్టింగుల ఫైలులోంచి చదివిన పాస్‌వర్డ్ సరైనదే అయినా సర్వర్ తిరస్కరించినప్పుడు. టెర్మినల్‌లో ఒక సందేశం మీద మరో సందేశం ఎక్కి మొదటి సగం చెరిగిపోయినప్పుడు కూడా. ఈ చివరిది నాకు ముచ్చటగా ఉంటుంది. తెర మీద సీఆర్ 1963 నాటి తన ఉద్యోగాన్నే చేస్తోంది, కర్సర్‌ను ఎడమ అంచుకు తెస్తోంది.

రెండో మెట్టు: ఎన్‌కోడింగ్ తేల్చుకోండి

ఇంగ్లీషు మార్గదర్శులు ఈ మెట్టును ఒక వాక్యంలో దాటేస్తాయి. తెలుగు ఫైళ్లతో పనిచేసేవారికి ఆ సౌకర్యం లేదు.

పాత నోట్‌ప్యాడ్‌లో తెలుగు రాసి భద్రపరచబోతే అక్షరాలు పోతాయని హెచ్చరించేది. జనం జాబితాలోంచి యూనికోడ్ అన్న ఎంపికను పట్టుకునేవారు. ఎక్సెల్‌లో తెలుగు పోకుండా ఉండాలని యూనికోడ్ టెక్స్ట్ ఎంచుకున్నవారూ ఇదే పని చేశారు. రెండు చోట్లా తయారయ్యేది యూటీఎఫ్-8 కాదు, యూటీఎఫ్-16. ఇందులో ప్రతి తెలుగు సంకేతానికి 2 బైట్లు, లైను ముగింపుకూ రెండేసి: 13 0 10 0.

ఇలాంటి ఫైలు మీద బైట్ల స్థాయిలో 13ను తీసేసే సాధనం నడిపారనుకోండి. 13 పోతుంది, దాని జంట 0 మిగిలిపోతుంది. అక్కడినుంచి జతలన్నీ ఒక బైటు పక్కకు జరుగుతాయి, తరవాతి లైను మొత్తం చైనా లిపిని పోలిన గజిబిజిగా మారుతుంది. ఆ లైను చివర ఇంకో 13 పోయాక జతలు మళ్లీ కుదురుకుంటాయి. ఫైలులో లైను విడిచి లైను చెడిపోయి కనిపిస్తే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

దీనికి విరుద్ధంగా, ప్రతి 10 ముందూ 13 చేర్చే సాధనం నడిపితే మరో చిత్రం. యూనికోడ్‌లో ఊ అక్షరానికి కేటాయించిన విలువలో రెండో భాగం సరిగ్గా 10. అంటే యూటీఎఫ్-16 ఫైలులో ఊరు అనే మాట 10 అనే బైటుతోనే మొదలవుతుంది! అమాయకపు సాధనం ఊరు కనబడిన ప్రతిచోటా లైను అయిపోయిందనుకుని ఒక 13 దూరుస్తుంది. మన దక్షిణాదిలోని మలయాళానిది ఇంకా పెద్ద కష్టం. ఆ లిపి సంకేతాలన్నిటిలోనూ ఒక బైటు 13 ఉంటుంది కాబట్టి, 13ను తీసేస్తే ప్రతి అక్షరమూ సగం నరికినట్టే.

అందుకని ఫైల్ ఆదేశం యూటీఎఫ్-16 అని చెబితే లైన్ల జోలికి పోకుండా ముందు ఈ మార్పు చేయండి:

ఐకాన్వ్ -ఎఫ్ యూటీఎఫ్-16 -టి యూటీఎఫ్-8 పాతది.టీఎక్స్‌టీ > కొత్తది.టీఎక్స్‌టీ

మూడో మెట్టు: మార్చండి

ఇప్పుడు పని నిమిషంలో అయిపోతుంది. డాస్‌2యునిక్స్ అనే సాధనం ఉబుంటు, ఫెడోరా భాండాగారాల్లోనూ, మ్యాక్‌లో హోమ్‌బ్రూ ద్వారానూ దొరుకుతుంది. పేరులో మధ్యది 2 అంకె.

డాస్‌2యునిక్స్ జిల్లాలు.టీఎక్స్‌టీ

తిరుగు దారికి యునిక్స్2డాస్ ఉంది. చిత్రాల వంటి, టెక్స్ట్ కాని బైనరీ ఫైలు ఎదురైతే ఈ సాధనం దాన్ని ముట్టుకోకుండా వదిలేస్తుంది. నా మొదటి ఎంపిక ఇదే కావడానికి ఆ జాగ్రత్తే కారణం. ఏదీ స్థాపించుకునే వీలు లేని సర్వర్‌లో అయితే అన్ని యునిక్స్‌లలోనూ ఉండే టీఆర్ చాలు:

టీఆర్ -డి '\015' < పాతది.టీఎక్స్‌టీ > కొత్తది.టీఎక్స్‌టీ

015 అంటే అష్టాంశ పద్ధతిలో 13. రెండు వైపులా ఒకే ఫైలు పేరు ఇవ్వకండి. చదవడం మొదలుకాకముందే షెల్ ఆ ఫైలును ఖాళీ చేసేస్తుంది. నేను ఒకసారి చేశాను, ఒకసారి చాలు.

విమ్‌లో :సెట్ ఎఫ్‌ఎఫ్=యునిక్స్ అని భద్రపరచండి. వీఎస్ కోడ్‌లో అడుగున ఉన్న ఆ మాట మీద నొక్కి ఎంచుకోండి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ఎడిట్ మెనూలో ఈఓఎల్ మార్పిడి ఉంటుంది.

ఫోల్డరు మొత్తం ఒకేసారి మార్చాలనే ఆత్రం వద్దు. చిత్రాలు, జిప్ ఫైళ్లలో 13 10 జంట మామూలు సమాచారంగానే రావచ్చు, తీసేస్తే ఫైలు పనికిరాదు. విండోస్ బ్యాచ్ ఫైళ్లకు కూడా జంట ఉండాల్సిందే. ఎల్‌ఎఫ్ ఒక్కటే ఉంటే అందులోని గోటూ ఆదేశం తన గుర్తును కొన్నిసార్లు కనుక్కోలేక ఆగిపోతుంది.

నాలుగో మెట్టు: గిట్‌లో నియమం రాయండి

ఒక ఫైలు బాగుచేయడం మందు వేయడం లాంటిది. పదిమంది కలిసి పనిచేసే చోట నియమమే కావాలి. ఒకరు విండోస్‌లో, ఒకరు మ్యాక్‌లో పనిచేస్తూ ఉంటారు. ఒక్క మాట దిద్దితే 800 లైన్లూ మారినట్టు, ఫైళ్ల మార్పుల చరిత్రను నమోదు చేసే గిట్ చూపిస్తుంది, సమీక్ష చేసేవారు విసిగి చదవకుండానే ఆమోదిస్తారు.

గిట్‌లో కోర్.ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్ అనే సెట్టింగు ఉంది. ట్రూ అయితే లోపలికి వెళ్లేటప్పుడు ఎల్‌ఎఫ్‌గా, బయటికి తీసేటప్పుడు సీఆర్‌ఎల్‌ఎఫ్‌గా మారుస్తుంది. ఇన్‌పుట్ అయితే లోపలికి వెళ్లేటప్పుడు మాత్రమే మారుస్తుంది. ఫాల్స్ అయితే ఏమీ చేయదు. విండోస్‌లో గిట్ స్థాపించేటప్పుడు ముందే ఎంచి ఉండేది ట్రూ. నేను దీని మీద ఆధారపడవద్దంటాను, ఎందుకంటే అది ఎవరి కంప్యూటర్‌లో వారిది. కొత్తగా చేరినవారి యంత్రంలో ఏముందో మీకు తెలియదు. ప్రాజెక్టుతో పాటే ప్రయాణించేది .గిట్‌ఆట్రిబ్యూట్స్ ఫైలు. దాన్ని ప్రాజెక్టు మొదటి ఫోల్డర్‌లో పెట్టి ఇలా రాయండి:

* టెక్స్ట్=ఆటో ఈఓఎల్=ఎల్‌ఎఫ్
*.బ్యాట్ టెక్స్ట్ ఈఓఎల్=సీఆర్‌ఎల్‌ఎఫ్
*.పీఎన్‌జీ బైనరీ

మొదటి లైను: ఏది టెక్స్టో గిట్టే గుర్తించి అందరికీ ఎల్‌ఎఫ్‌తో ఇవ్వాలి. రెండోది బ్యాచ్ ఫైళ్లకు మినహాయింపు. మూడోది చిత్రాలను ముట్టవద్దని. ఈ ఫైలులో ఉన్న మాట ఎవరి సొంత సెట్టింగు కన్నా పైచేయి.

ప్రోగ్రాములను కంటైనర్లు అనే విడి పెట్టెల్లో నడిపే డాకర్ వాడేవారికి ఇది మరీ ముఖ్యం. విండోస్‌లో గిట్ తీసిచ్చిన స్క్రిప్టుకు సీఆర్ అంటుకుంటుంది. దాన్ని అలాగే లినక్స్ కంటైనర్‌లోకి నకలు చేస్తారు. మొదలయ్యే క్షణంలోనే ఫైలు లేదంటూ కంటైనర్ కూలిపోతుంది. ఒకే ఫోల్డర్‌ను విండోస్ గిట్‌తోనూ, విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్‌లోని లినక్స్ గిట్‌తోనూ తెరిచేవారికి ముట్టుకోని ఫైళ్లన్నీ మారినట్టు కనిపించే జబ్బు కూడా ఈ మూడు లైన్లతో తగ్గుతుంది.

పాత ప్రాజెక్టుకు నియమం పెట్టేటప్పుడు వరుస ముఖ్యం. అందరూ చేతిలో ఉన్న పనిని కమిట్ చేసి (గిట్‌లో నమోదు చేసి) పంపాక, ఎవరూ పని మధ్యలో లేని పూట చూసి, .గిట్‌ఆట్రిబ్యూట్స్ చేర్చండి. ఆ తరవాత:

గిట్ యాడ్ --రీనార్మలైజ్ .

అప్పుడు గిట్ స్టేటస్ చూసి, మారకూడనిది ఏదైనా జాబితాలో ఉందేమో ఓపికగా చదవండి. ఒక ఫాంటు ఫైలు గానీ పీడీఎఫ్ గానీ కనిపిస్తే దాన్ని బైనరీగా ప్రకటించి మళ్లీ మొదలుపెట్టండి. ఈ మార్పును ఒంటరి కమిట్‌గా పంపండి, ఇంకే దిద్దుబాటూ కలపవద్దు. దాని సంఖ్యను .గిట్-బ్లేమ్-ఇగ్నోర్-రెవ్స్ అనే ఫైలులో రాసి, బ్లేమ్.ఇగ్నోర్‌రెవ్స్‌ఫైల్ సెట్టింగులో ఆ ఫైలు పేరు చెబితే, ఏ లైను ఎవరు రాశారని అడిగినప్పుడు ప్రతి లైనుకూ మీ పేరే రాకుండా ఉంటుంది. మిగతావారు పాత ఫోల్డర్‌ను పక్కనపెట్టి కొత్తగా క్లోన్ చేసుకోవడం అన్నిటికన్నా శుభ్రమైన దారి. పాత బ్రాంచీలను కలిపేటప్పుడు గిట్ మెర్జ్‌కు -ఎక్స్ రీనార్మలైజ్ అని చెబితే ఉత్తుత్తి ఘర్షణలు రావు. ఈ ఎక్స్ పెద్ద అక్షరం. చివరికి ఏ ఫైలు ఏ స్థితిలో ఉందో చూడటానికి:

గిట్ ఎల్‌ఎస్-ఫైల్స్ --ఈఓఎల్

ప్రతి ఫైలు పక్కన మొదటి మాట గిట్ లోపలి రూపం, రెండోది మీ ఫోల్డర్‌లో ఉన్న రూపం.

గిట్‌కు చేరకముందే ఎడిటర్లు దారి తప్పకుండా .ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైలులో ఎండ్_ఆఫ్_లైన్ = ఎల్‌ఎఫ్ అని ఒక లైను చేర్చండి. దాన్ని పాటించే ఎడిటర్లు చాలానే ఉన్నాయి.

ఐదో మెట్టు: మీ ప్రోగ్రాములు, చివరి లైను

పైథాన్ టెక్స్ట్ ఫైలు చదివేటప్పుడు మూడు రకాల ముగింపులనూ ఎల్‌ఎఫ్‌గానే అందిస్తుంది. రాసేటప్పుడు విండోస్‌లో ఎల్‌ఎఫ్‌ను జంటగా మారుస్తుంది. చిక్కల్లా విలువలను కామాలతో విడదీసి రాసే సీఎస్‌వీ ఫైళ్లతోనే. సీఎస్‌వీ మాడ్యూల్ తనంతట తానే 13 10 రాస్తుంది, ఫైలు తెరిచిన విధానం ఆ 10ని మళ్లీ జంట చేస్తుంది, ఫలితం 13 13 10. ఎక్సెల్‌లో ప్రతి వరుస తరవాతా ఒక ఖాళీ వరుస కనిపించేది అందుకే. ఫైలు తెరిచేటప్పుడు న్యూలైన్='' అని ఇస్తే సరిపోతుంది.

ఇక శ్రీకాకుళం సంగతి. నోట్‌ప్యాడ్‌లో టైప్ చేసినవారు చివరి పేరు తరవాత ఎంటర్ కొట్టలేదు. కాబట్టి ఆ లైనుకు ముగింపే లేదు, సీఆర్ అంటుకునే అవకాశమూ లేదు. మిగతా పేర్లన్నీ ఓడిన చోట అదొక్కటి నెగ్గింది. కానీ ఇదే లోపం ఇంకోచోట ఎదురు తిరుగుతుంది. యునిక్స్ లెక్కలో లైను అంటే ఎల్‌ఎఫ్‌తో ముగిసేది. డబ్ల్యూసీ -ఎల్ లెక్కపెట్టేది లైన్లను కాదు, ఎల్‌ఎఫ్‌లను. జాబితాలో 13 పేర్లుంటే 12 అంటుంది. షెల్‌లో వైల్ రీడ్ అనే మామూలు పద్ధతిలో లైన్లు చదివితే చివరిదాన్ని లూపు వదిలేస్తుంది. డాస్‌2యునిక్స్ మామూలుగా నడిపితే లేని ముగింపును చేర్చదు. వీఎస్ కోడ్‌లో ఫైలు చివర కొత్త లైను చేర్చే సెట్టింగు ఉంది, విమ్ భద్రపరిచేటప్పుడు తనే చేరుస్తుంది.

నేను ఆ రాత్రి ఫైలును డాస్‌2యునిక్స్‌తో శుభ్రం చేసి, పనిలో పనిగా స్క్రిప్టును వైల్ రీడ్ పద్ధతిలోకి మార్చి నిశ్చింతగా నిద్రపోయాను. పొద్దున ఫోను వచ్చింది. గుంటూరు మొదలుకొని అన్ని జిల్లాలూ ఉన్నాయి, శ్రీకాకుళం లేదు.